రీ: ఆఫీసు వాళ్ళు వైన్ టేస్టింగ్‌కి పిలిచారు, నాకేం తెలీదు, కాస్త చెప్పండి

తమ్ముడూ, నువ్వు తాగిన ఆ గ్రౌబుర్గుండర్ వైట్ వైన్ పాడైపోలేదు. "పొగ వాసన, చెక్క వాసన, ఇదేం వైన్ అన్నా" అని రాశావు, లేబుల్ మీద బారిక్ అని ఉందన్నావు కదా, అంటే 225 లీటర్ల చిన్న ఓక్ పీపాలో కొన్ని నెలలు ఉంచారన్నమాట, ఆ పీపా చేసేటప్పుడు చెక్కని లోపలివైపు నిప్పు మీద కాలుస్తారు, ఆ పొగ, వెనీలా, వేయించిన బాదం వాసన అన్నీ అక్కడి నుంచే వస్తాయి.

జర్మనీ వైట్ వైన్ అంటే రీస్లింగ్, తియ్యగా ఉంటుంది అనుకుని వస్తాం మనం. కానీ ఫ్రైబుర్గ్ ఊరి పక్కన కైజర్‌స్టూల్ కొండల్లో అగ్నిపర్వతం రాయి, దాని మీద మెత్తటి లోయెస్ మట్టి, ఎండ బాగా కాస్తుంది, అక్కడ గ్రౌబుర్గుండర్, వైస్‌బుర్గుండర్, షార్డొనే లాంటి వైట్ వైన్లు ఒంటి మీద కండతో వస్తాయి కాబట్టి చిన్న పీపాని తట్టుకుంటాయి. మోజెల్ నది ప్రాంతం రీస్లింగ్‌కి వాడే 1000 లీటర్ల పాత ఫూడర్ పీపా కూడా ఓక్ చెక్కదే, కానీ దాంట్లో చెక్క రుచి దాదాపు తెలీదు.

ఇంక టేస్టింగ్ సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగావని నా అనుమానం, మొదటి ఏడాది నేనూ అదే చేశాను, అంత చల్లగా ఉంటే పండు వాసన నోరు మూసుకుని చెక్క చేదు ఒక్కటే మిగులుతుంది. 12 డిగ్రీల దగ్గర తాగాలి, తీశాక ఓ ఇరవై నిమిషాలు బయట పెట్టు చాలు. కొంచెమే పోసుకో, తిప్పకుండా ఒకసారి వాసన చూడు, తర్వాత తిప్పి చూడు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది బిరడా జబ్బు, మొహమాటపడకుండా చెప్పు, వేరే బాటిల్ తీస్తారు. అడుగున పంచదార పలుకుల్లాంటివి కనబడితే భయపడకు, వాటిని వైన్‌ష్టైన్ అంటారు, మన చింతపండులో ఉండే టార్టారిక్ పులుపే అలా పేరుకుంటుంది.

నోట్లో పోసుకున్నాక నువ్వు పట్టుకోవాల్సింది పులుపు. పచ్చి యాపిల్ కొరికినట్టు పళ్ళు జివ్వుమనే పులుపు ఒకటి, కమ్మటి పెరుగు పులుపు ఇంకొకటి. చాలా పీపా వైన్లలో బాక్టీరియా ఆ మొదటి దాన్ని రెండో దానిగా మార్చేస్తుంది, వెన్న వాసన కూడా అప్పుడే వస్తుంది, పెరుగు తోడుపెట్టే ఇంట్లో పుట్టినవాడివి, నీకు ఇది ఇక్కడివాళ్ళకంటే తొందరగా దొరుకుతుంది, నిజంగా చెప్తున్నా.

మింగాక ఆగు. పియర్ పండు, బాదం లాంటిది చాలాసేపు నిలిస్తే మంచి వైన్. వేప పుల్ల నమిలినట్టు నాలుక ఎండిపోయి ఇంకేం మిగలకపోతే, పీపా వైన్‌ని మింగేసింది, ఎంత ఖరీదైనా నేను మార్కులు వెయ్యను. పులిహోరలో ఇంగువలా ఉండాలి ఓక్, తెలియాలి గానీ ముందు అదే తగలకూడదు.

గిన్నెలో ఉమ్మేయడం తప్పు కాదు, దానికే పెడతారు. కారు తీయకు, ఇక్కడ లిమిట్ 0.5 ప్రోమిల్, అంటే రక్తంలో వెయ్యికి అర వంతు ఆల్కహాల్, లైసెన్స్ ప్రొబేషన్‌లో ఉన్నా 21 లోపు వయసైనా సున్నా.

---

రీ: రీ: అదే

అన్నయ్య చెప్పింది కరెక్టే, నేను తిండి గురించి ఒక్క మాట చెప్తాను. ఖాళీ కడుపుతో వెళ్ళకు, అక్కడ బ్రెడ్డూ చీజూ పెడతారు గానీ సరిపోదు. మిగిలిన బాటిల్ ఇంటికి తెచ్చుకుని గోంగూర మాంసంతో తాగాలనిపిస్తుంది, వద్దు, ఇలాంటి వైన్లో 13, 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది, కారం ఇంకా మండుతుంది, వైన్ చేదెక్కుతుంది. నెయ్యి వేసిన ముద్దపప్పు అన్నం, లేదా జీడిపప్పు వేసిన తెల్ల కోడి కుర్మా, ఈ రెండూ మా ఇంట్లో బాగా కుదిరాయి. అసలు తాగాలని లేకపోతే ట్రౌబెన్‌జాఫ్ట్ అడుగు, ద్రాక్ష రసం, చాలా తోటల్లో వాళ్ళే తీసిందే ఇస్తారు, ఎవరూ ఎందుకని అడగరు.