బెంగళూరు ఫ్లాట్‌లో ఆర్‌ఓ నీళ్ళు, తొక్కలు వృథా కాకుండా ఏం చేయాలి?

నెల్లూరు అమ్మాయి:
మారతహళ్ళిలో ఇద్దరం ఉంటాం. ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళే గతి. అలాంటిది ఆర్‌ఓ వాటర్ ప్యూరిఫయర్ వేస్టు పైపులోంచి నీళ్ళు సింకులోకి పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. కూరగాయల తొక్కలు కూడా బయట పారేయాలని లేదు. చిన్న బాల్కనీ ఉంది. రోజూ చేయగలిగేవి చెప్పండి.

బాల్కనీ తోట:
ముందు ఆ పైపు కింద బకెట్ పెట్టండి. లీటరు మంచినీళ్ళకు మామూలుగా మూడు లీటర్ల దాకా బయటికి పోతాయి. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి భేషుగ్గా పనికొస్తాయి. మొక్కలకు మాత్రం రోజూ పోయకండి, మట్టిలో ఉప్పు పేరుకుంటుంది. వాటికి బియ్యం కడిగిన నీళ్ళు చాలు.

తొక్కలకు అడుగున చిల్లులున్న మట్టికుండ, మూత ఉంటే సరి. ఒక పొర తొక్కలు, పైన ఎండాకులో కొబ్బరిపొట్టో. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైనట్టు, ఇంకాస్త పొట్టు కలపండి. పులుసు, పెరుగన్నం అందులో వేయొద్దు. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు వస్తుంది. నా కరివేపాకు మొక్క దాంతోనే కళకళలాడుతోంది, చూస్తే ఎంత సంతోషమో!

కె.ఆర్.పురం బాబాయ్:
కుళాయి మూతికి ఏరేటర్ అనే చిన్న జాలీ పెట్టించమ్మా. గాలి కలిసి ధార నిండుగానే ఉంటుంది, నీళ్ళు తక్కువ పోతాయి. మనకు కావేరి నీళ్ళు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి పంపులతో ఎత్తి తెస్తారు. నీళ్ళు ఆదా చేస్తే కరెంటూ ఆదానే.

నెల్లూరు అమ్మాయి:
చాలా థ్యాంక్స్ అండీ. ప్యాడ్లు ఎందులో వేయాలి?

బాల్కనీ తోట:
పేపర్లో చుట్టి ఎర్ర డబ్బాలో. తడిచెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడిచెత్త సంచిలో.