‘ఎయిర్ మెకానిక్’కు తెలుగులో ఏ మాట?

ప్రశ్న: మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన థామస్ మోటర్‌షెడ్ జీవితాన్ని క్లుప్తంగా తెలుగులో రాస్తున్నాను. ఆయన బ్రిటిష్ సైన్యపు వైమానిక దళమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో మొదట ‘ఎయిర్ మెకానిక్’గా చేరారు. దీనికి ‘వైమానిక సాంకేతిక నిపుణుడు’ అని రాశాను. ‘విమాన మేస్త్రీ’ అంటే మన మాటలా ఉంటుందని మిత్రులొకరు సూచించారు. ఏది ఉంచమంటారు?

సమాధానం: రెండూ వద్దని నా అభిప్రాయం. ‘సాంకేతిక నిపుణుడు’ అనగానే మనకు పట్టా పుచ్చుకొని, బల్ల ముందు కూర్చొని సలహాలిచ్చే మనిషి మనసులో మెదులుతాడు. మోటర్‌షెడ్ ఆ కోవకు చెందినవారు కారు. 1892లో ఇంగ్లండులోని విడ్నెస్‌లో పుట్టి, అక్కడి సాంకేతిక పాఠశాలలో చదువుకొని, ఫిట్టరు, టర్నరు పనులు అప్రెంటిస్‌గా నేర్చుకొని, ఆపైన మోటారు గ్యారేజీలో మెకానిక్కుగా పనిచేసిన మనిషి ఆయన. 1914 ఆగస్టులో, యుద్ధం మొదలైన కొద్ది రోజులకే సైన్యంలో చేరినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది ఆ చేతిపనినే. సైన్యానికి అప్పుడు అత్యవసరమైనదీ అదే.

ఆనాటి విమానమంటే చాలావరకు కర్ర చట్రం, దానిమీద బిగించి పూత పూసిన నారగుడ్డ, రెక్కల మధ్య లాగి కట్టిన తీగలు. ఇంజను సంగతి ఫిట్టరు చూసుకొనేవాడు. తీగల బిగువు ఎక్కువైనా తక్కువైనా రెక్క వంకర తిరుగుతుంది కనుక, ఆ అమరిక చూడడానికి రిగ్గరు అని వేరే మనిషి ఉండేవాడు. వడ్రంగులు, రాగిపనివారు, ఓడల తెరచాపలు కుట్టడంలో చెయ్యి తిరిగినవారు కూడా ఆ దళంలో ఉండేవారు. వీరు చేసే పనులు వేరైనా, హోదా పేరు మాత్రం ‘ఎయిర్ మెకానిక్’ అన్నదే. అందులో తరగతులున్నాయి: రెండో తరగతివారికి రోజుకు 2 షిల్లింగులు, మొదటి తరగతివారికి 4. పదాతిదళంలో మామూలు సిపాయికి అప్పట్లో మూలవేతనం 1 షిల్లింగు. కాబట్టి ఇది సుబేదారు, హవల్దారు వంటి హోదా పేరు. దానిని అనువదించకుండా ‘రెండో తరగతి ఎయిర్ మెకానిక్’ అని యథాతథంగా ఉంచడమే న్యాయం.

‘మేస్త్రీ’ నాకు ఇష్టమైన మాటే. పోర్చుగీసు వారి నుంచి వచ్చి మనదైపోయింది. కానీ మేస్త్రీ అంటే పదిమంది చేత పని చేయించేవాడన్న అర్థం మనవాళ్లలో బలంగా ఉంది. కొత్తగా చేరిన రెండో తరగతి మెకానిక్కుకు ఆ పెద్దరికం తగదు. ఇక పనుల పేర్ల విషయానికి వస్తే, టర్నరుకు ‘తరిమెన పట్టేవాడు’ అనే పాత మాట మనకుంది. ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి రాసేటప్పుడు అది నిండుగా ఉంటుంది. ఇనుమును లేతు మీద చెక్కే మనిషికి మాత్రం ‘టర్నరు’ అనే రాయండి. ఐటీఐలో చేరిన పిల్లవాణ్ణి ‘ఏ ట్రేడు?’ అని అడిగితే ‘ఫిట్టరు’ అని చెప్పే ఊళ్లు మనవి. ఆ మాటలకు వివరణ అక్కరలేదు.

ప్రశ్న: కృతజ్ఞతలు. ‘మెకానిక్కు స్థాయి నుంచి పైలట్‌గా ఎదిగి, విమానం కూలి మరణించారు’ అన్న వాక్యం సరిపోతుందా?

సమాధానం: అందులో రెండు క్రియలు మార్చాలి. ‘ఎదిగి’ అంటే అంతకు ముందు చేసిన పని చిన్నదని మనమే తీర్పు చెప్పినట్లవుతుంది; ‘మెకానిక్కుగా చేరి, 1916లో పైలట్ శిక్షణ పొంది’ అంటే చాలు. ‘కూలి’ అన్నది మరీ అన్యాయం. 1917 జనవరి 7న, బెల్జియంలోని ప్లూగ్‌స్టీర్ట్ అడవి దగ్గర, 9,000 అడుగుల ఎత్తులో శత్రువు తూటాలు ఆయన విమానపు పెట్రోలు ట్యాంకును చీల్చాయి. అది ఇంజను పైలట్ వెనక ఉండే ఎఫ్‌ఈ2డి రకం. ముందు కూర్చున్న పరిశీలకుడు లెఫ్టినెంట్ గవర్ చేతి అగ్నిమాపకంతో మంటలార్పడానికి ప్రయత్నించినా లొంగలేదు. దూకుదామంటే, ఆ దళంలో విమానం నడిపేవారికి పారాషూట్లు ఇవ్వని కాలమది. ఒళ్లు కాలిపోతున్నా మోటర్‌షెడ్ తమవారి సరిహద్దు లోపలికి వచ్చి, అనువైన నేల ఎంచుకొని, విమానాన్ని దించారు. నేల తాకాక కింది చట్రం విరిగి, గవర్ దూరంగా విసిరివేయబడి బతికారు. మోటర్‌షెడ్ శిథిలాల కింద చిక్కుకున్నారు. సాటివారు బయటికి తీశారు గాని, ఐదు రోజుల తరువాత, జనవరి 12న, కాలిన గాయాలతో మరణించారు. ఆ యుద్ధంలో రాయల్ ఫ్లయింగ్ కోర్ తరఫున విక్టోరియా క్రాస్ పొందినవారిలో అధికారి హోదా లేనివారు ఆయన ఒక్కరే.

అందుచేత మీ వాక్యాన్ని ‘కాలుతున్న విమానాన్ని నేలకు దించి, తోటివాణ్ణి బతికించి, ఆ గాయాలతో మరణించారు’ అని మార్చండి. వాక్యం కొంత పొడుగైనా ‘దించి’ అన్న మాటను మాత్రం వదలవద్దు.