అప్‌డేట్: రాజీనామా చేసి సర్పంచ్‌గా నిలబడిన

నేను నర్సంపేట దిక్కు అంగన్‌వాడీ టీచర్‌గా చేసేదాన్ని. కొలువుల ఉండుకుంటనే సర్పంచ్‌గా పోటీ చేయొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగిన. చేయరాదు. రాజీనామా ఇచ్చుడే కాదు, స్క్రూటినీ, అంటే నామినేషన్ల పరిశీలన లోపల అది ఆమోదం కావాలె. ఆ కాగితం చేతికొచ్చినంకనే 2,000 డిపాజిట్ కట్టి, జనరల్ మహిళ సీటుకు నామినేషన్ వేసిన.

మిరపతోటలకు కూలికి పోయేటోళ్లు పొద్దెక్కినంక దొరకరు. అందుకే పండుకున్న బిడ్డను అత్తమ్మకు అప్పజెప్పి మబ్బుల ఐదింటికే ఇల్లిల్లూ తిరిగిన. ఒక అవ్వ నా చెయ్యి పట్టుకొని, "నా మనుమనికి గుడ్డు ఒలిచి తినిపించినవ్ బిడ్డా, మర్సిపోత్తనా?" అన్నది. అక్కడనే ఏడ్చిన.

ఒంటిగంటకు పోలింగ్ అయింది, రెండింటికి లెక్కింపు మొదలైంది. 14 ఓట్లతో ఓడిపోయిన. కొలువు పోయిన బాధ ఉన్నది. మందు, పైసలు మాత్రం పంచలే, దానికి రంది లేదు. మా వాడకు నల్లా నీళ్ల అర్జీ రేపు ఎంపీడీవో ఆఫీసుల ఇస్తున్న.