అత్తయ్య దాచిన జూనీ బ్రేస్‌లెట్: పాలిష్‌కి ఇవ్వమంటారా?

జయనగర్ కోడలు:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. పెళ్లయ్యాక పన్నెండేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. మా మేనత్త 1970ల్లో అమెరికాలో, న్యూ మెక్సికో రాష్ట్రంలోని గాలప్ అనే ఊళ్లో డాక్టరుగా చేసింది. ఈ సంక్రాంతికి ముందు కాలం చేసింది. ఆమె బీరువాలో పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. లోపల మల్లు గుడ్డలో చుట్టిన మూడు వెండి వస్తువులు, "జూనీ" అని ఆమె చేతిరాతతో ఒక చీటీ. జూనీ అంటే అక్కడి ఒక ఆదివాసీ తెగ పేరట.

మొదటిది బ్రేస్‌లెట్. నీలం, ఎరుపు, నలుపు, తెలుపు రాళ్ల మధ్య సన్నటి వెండి గీతలు. వేలితో తడిమితే ఎక్కడా ఎత్తుపల్లాలు తగలవు. రెండోది రెక్కలు విప్పిన మనిషి ఆకారంలో ఉన్న పిన్ను. మూడోది ఉంగరం, రెండు కొసలా మొనదేలిన నీలం రాళ్లు బియ్యపు నూకలంత సన్నగా పువ్వులా పేర్చి ఉన్నాయి. ఉంగరం వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు గీసి ఉన్నాయి, మిగతా రెండింటి మీద ఏమీ లేదు. బ్రేస్‌లెట్ అంచున ఒక ఎర్ర ముక్క ఊడిపోయింది.

ఇక్కడ ఒక నగల కొట్టులో చూపిస్తే, మెషీన్లో వేసి మెరుగు పెట్టి, ఆ ఖాళీలో ఎర్ర రాయి అతికిస్తామన్నారు. అమ్మితే వెండి తూకానికే అన్నారు. పేరు లేదు కాబట్టి డూప్లికేట్ కావచ్చని కూడా అన్నారు. అమ్మేమో విభూతి, నిమ్మకాయ పెట్టి తోమితే చాలంటోంది. అమ్మే ఉద్దేశం నాకు లేదు. చెడగొడతానేమోనని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పగలరు.

వైట్‌ఫీల్డ్ బాబు:

పాలిష్ చేయించేయండి అక్కా. నల్లబడిన వెండి చూడ్డానికి బాగుండదు. మా ఇంట్లో పట్టీలు, పళ్లేలు అన్నీ ఏటా మెషీన్ వాష్‌కే ఇస్తాం.

మైలాపూర్ పెద్దాయన:

అమ్మా, దయచేసి మెషీన్‌కి ఇవ్వకండి. నిమ్మకాయ అసలే వద్దు. కారణాలు వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

నేను పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాను. 2004లో మా అమ్మాయి న్యూ మెక్సికోలోనే అల్బుకర్క్‌లో ఉన్నప్పుడు మూడు నెలలు అక్కడున్నాం. ఒక ఆదివారం జూనీ ఊరికి తీసుకెళ్లింది. ఒకాయన ఇంటి ముందు గదిలో చిన్న సానరాయి చక్రం దగ్గర కూర్చుని, కర్రపుల్ల కొసకు మైనంతో అతికించిన పేరోజా (టర్కాయిస్ అనే నీలి రంగు రాయి) ముక్కను అరగదీస్తున్నాడు. ఒకసారి అరగదీయడం, వెండి గడిలో పెట్టి చూడడం, తీయడం, మళ్లీ అరగదీయడం. ఒక్క ముక్క సరిపోవడానికి అరగంట పైనే పట్టింది. అప్పటి నుంచి ఇదే నా లోకం. ఇప్పుడు నా దగ్గర పద్నాలుగు వస్తువులున్నాయి.

మీ బ్రేస్‌లెట్ పనిని ఛానల్ ఇన్లే అంటారు. వెండి పలకల మధ్య గడులు కట్టి, ఒక్కో రాయిని ఆ గడికే కోసి కూర్చి, చివర్లో రాళ్లూ వెండీ కలిపి ఒకే మట్టానికి సానపడతారు. మీ వేలికి తగిలిన నునుపు అదే. మెషీన్లో బఫింగ్ చేస్తే పాడయ్యేదీ అదే. పేరోజా కాస్త గట్టిది, పగడమూ ముత్యపు చిప్పా దానికంటే మెత్తన, జెట్ అనే నల్లరాయి ఇంకా మెత్తన. బఫ్ చక్రం కింద మెత్తనివి ముందు అరిగి గుంటలు పడతాయి, అంచులు గుండ్రంగా అయిపోతాయి. ఇక శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో వేస్తే పాత జిగురు వదిలేస్తుంది. సౌకార్‌పేటలో ఒక కొట్టువాళ్లు నా ఉంగరాన్ని నన్నడక్కుండానే అందులో వేశారు. ఏడు రాళ్లు ఊడి తొట్టి అడుగున పడ్డాయి, రెండు పగిలిపోయాయి. ఆ ఉంగరాన్ని ఇప్పటికీ చూడలేను.

నిమ్మకాయ, చింతపండు పులుపు పగడాన్నీ చిప్పనూ కొరికేస్తుంది, రెండూ సున్నపు పదార్థమే కదా. విభూతి వెండి గిన్నెకు బాగుంటుంది గానీ ఇక్కడ సన్నటి సందుల్లో ఇరుక్కుంటుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, చాలు. కొబ్బరినూనె, సెంటు, చెమట పేరోజాలోకి ఇంకి నెమ్మదిగా ఆకుపచ్చగా మారుస్తాయి, కాబట్టి తలకు నూనె రాసుకున్న చేత్తో తాకకండి.

పేరు లేకపోవడం గురించి బెంగపడకండి. 1970లకు ముందు జూనీ పనివాళ్లలో ఎక్కువమంది తమ వస్తువుల మీద పేరు వేయలేదు. చాలా ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ కలిసి చేసేవారు, ఒకరు వెండి, ఒకరు రాళ్లు. సి.జి. వాలెస్ అనే వర్తకుడు నవాహోల (అక్కడి మరో ఆదివాసీ తెగ) చేత వెండి పని, జూనీల చేత రాతి పని చేయించిన వస్తువులూ ఉన్నాయి. ఆయన సేకరణను 1975లో ఫీనిక్స్‌లో వేలం వేశారు. ఆ కేటలాగు చూసి పేరు లేని వస్తువులు ఎవరి చేతి పనో గుర్తుపట్టే కలెక్టర్లు ఇప్పటికీ ఉన్నారు.

మీ పిన్ను మీద ఉన్నది నైఫ్‌వింగ్ అయి ఉండాలి, రెక్కలకు ఈకల బదులు కత్తులున్న దేవత. ఫొటో పెడితే చెప్తాను. ఉంగరంలో సన్నటి మొనదేలిన రాళ్లు పేర్చిన పనిని నీడిల్ పాయింట్ అంటారు.

జూనీలు వెండి పని నేర్చుకున్నది 1870ల్లో, నవాహోల దగ్గర. రాతి పని మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఉంది. హావికూ అనే వాళ్ల పాత ఊరిలో 1917 నుంచి 1923 దాకా తవ్వితే పేరోజా ముక్కలు పొదిగిన దువ్వెనలు దొరికాయి. మీ అత్తయ్య గారు తూకం చూసి కొనలేదు తల్లీ, ఈ పని చూసి కొన్నారు.

జయనగర్ కోడలు:

సార్, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఫొటోలు పెట్టాను. ఇంతకీ ఇవి అసలువో కాదో నేనెలా తెలుసుకోవాలి? ఆన్‌లైన్‌లో ఇలాంటివే రెండు వేలకు కనిపిస్తున్నాయి.

మైలాపూర్ పెద్దాయన:

ఫొటో చూశాను, నైఫ్‌వింగే. కిరీటం దగ్గర పేరోజా ఎంత బాగా వచ్చిందో!

అవెన్యూ రోడ్డులో పదింతలు పెద్దగా చూపే భూతద్దం దొరుకుతుంది, కంసాలులు కంటికి పెట్టుకునేది. కొని, పగటి వెలుగులో కిటికీ దగ్గర కూర్చోండి. పగడంలో చాలా సన్నటి గీతలుంటాయి, చెట్టు మాను కోసినట్టు. చిప్పను వంచుతుంటే మెరుపు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుగుతుంది. పేరోజాలో ఒక ముక్కకూ పక్క ముక్కకూ రంగులో చిన్న తేడా కనబడాలి. అన్నీ ఒకే రంగులో ఉండి గాలి బుడగలు కనిపిస్తే ప్లాస్టిక్. చెంపకు ఆనించి చూడండి: రాయి చల్లగా ఉంటుంది, ప్లాస్టిక్‌కు ఆ చల్లదనం ఉండదు. కానీ జెట్ చూసి మోసపోవద్దు, అది బొగ్గు జాతిది, నిజమైనా తేలిగ్గా, వెచ్చగానే ఉంటుంది. సూది కాల్చి గుచ్చమని ఎవరైనా చెబితే వినకండి, అసలు రాయి కూడా పాడవుతుంది.

నకిలీలు చాలా పెద్ద బెడద. 1990లో అమెరికా ఒక చట్టం తెచ్చింది, ఆదివాసీలు చేయనిదాన్ని వాళ్లదని అమ్మితే నేరం. అయినా ఆగలేదు. ఫిలిప్పీన్స్‌లో చేయించి జూనీ అని అమ్ముతున్నారని 2015లో న్యూ మెక్సికోలో పెద్ద ఎత్తున సోదాలు జరిగాయి. జూనీ ఊళ్లో ఒక కుటుంబం రోజంతా చక్రం ముందు కూర్చుని చేసే పనిని ఈ సరుకు మింగేస్తోంది. అందుకే నేను రెండు వేల రకం ముట్టుకోను.

"ఓల్డ్ పాన్" (పాత తాకట్టు సరుకు) అనే మాట చూసినా జాగ్రత్త. అక్కడి వర్తకుల దగ్గర, మన మార్వాడీ కొట్లో పెట్టినట్టే, నగలు తాకట్టు పెట్టేవారు. విడిపించుకోనివి అమ్మకానికి వచ్చేవి. ఇప్పుడు ఆ మాట దేనికి పడితే దానికి తగిలిస్తున్నారు.

చిక్‌పేట కంసాలి ఇంటి బిడ్డ:

పెద్దాయన చెప్పిందంతా నిజమే, ఒక్క మాట కలుపుతాను. మా నాన్నగారు నలభై ఏళ్లుగా రాళ్లు పొదుగుతున్నారు. ఆ ఖాళీని అలా వదిలేస్తే పక్క రాళ్లు కూడా కదులుతాయి. అక్కడ వాళ్లు వాడేదీ మధ్యధరా సముద్రపు పగడమే, మన ఉంగరాల్లోకి ఇటాలియన్ పగడమని కొనేదీ అదే. చిన్న ముక్క కోసి సరిపెట్టవచ్చు, వేడి తగలకుండా, లక్క వాడకుండా.

మైలాపూర్ పెద్దాయన:

మీ నాన్నగారి చేతికి నమస్కారం. నాకు భయమల్లా ఆ ఖాళీలో రంగు ప్లాస్టిక్ అతికిస్తారేమోనని. అసలు పగడంతో చేస్తే అభ్యంతరం లేదు, ఏ రాయి మార్చారో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు. జయనగర్ అమ్మా, అంతకుముందు ఒక పని చేయండి. ఆ మల్లు గుడ్డను తెల్ల కాగితం మీద దులపండి. బిస్కెట్ల డబ్బా అడుగు మడతల్లో పుల్లతో వెతకండి.

జయనగర్ కోడలు:

సార్, దొరికింది! గుడ్డలో లేదు. డబ్బా అడుగున అంచు మడతలో దుమ్ముతో కలిసి ఉంది, గోటి కొసంత ఉంటుంది. భూతద్దంలో చూస్తే మీరు చెప్పిన సన్న గీతలు కనబడ్డాయి. గడిలో పెడితే సరిగ్గా కూర్చుంది, ఏ పక్క పైకో కూడా తెలిసిపోయింది. ఫెవిక్విక్ పెట్టనా?

చిక్‌పేట కంసాలి ఇంటి బిడ్డ:

వద్దక్కా! అది తెల్లగా పూత పూస్తుంది, మళ్లీ తీయాలంటే రాయి విరుగుతుంది. నాన్నగారు రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు వాడతారు, ఒక రాత్రంతా ఆరనివ్వాలి. శనివారం పదకొండింటికి రండి, మీ ఎదురుగానే చేస్తారు. ముక్కను దూదిలో పెట్టి అగ్గిపెట్టెలో తీసుకురండి.