తొమ్మిదో తరగతి అమ్మాయిలకు కోడింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (లెక్కల టీచర్, పలాస మండలం)
మాది జిల్లా పరిషత్ హైస్కూలు. తొమ్మిదిలో 24 మంది అమ్మాయిలు, పనిచేసే కంప్యూటర్లు 6, శనివారం గంటన్నర టైము. నెట్ నమ్మకం లేదు. లెక్కల్లో ముందుండే పిల్లలే "ఇంజినీరింగ్ మనకెందుకు టీచర్" అంటున్నారు. ఏం చేయించాలి? ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలి?

జవాబు 1
మేడమ్, స్క్రాచ్ (బొమ్మల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాసే పిల్లల సాఫ్ట్‌వేర్) ఆఫ్‌లైన్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆరింటిలోనూ వేసేయండి, నెట్‌తో పనుండదు. కంప్యూటర్‌కి ఇద్దరే. మిగతా 12 మంది అదే లెక్క కాగితం మీద వేస్తారు, 40 నిమిషాలకి మారతారు. జంటలో కీబోర్డు పది నిమిషాలకోసారి గడియారం చూసి మార్పించండి. లేకపోతే చురుకైన పిల్లే పట్టుకుని కూర్చుంటుంది, రెండోది చూస్తూ ఉండిపోతుంది.

మొదటి పనిగా స్క్రాచ్‌లో వచ్చే పిల్లి బొమ్మను గెంతించడం వద్దు. పలాస పిల్లలకి జీడిపప్పు గ్రేడింగ్ ఇవ్వండి. డబ్ల్యూ 180 గ్రేడ్ అంటే పౌను బరువుకి (సుమారు 454 గ్రాములు) 180 లోపు పప్పులు. తర్వాత 210, 240, 320. అంకె పెరిగితే పప్పు చిన్నది, ధర తక్కువ. పౌనుకి ఎన్ని తూగాయో టైప్ చేస్తే గ్రేడ్ చెప్పాలి.

తప్పులు రెండు చోట్ల వస్తాయి. మొదటి షరతుగా 320 పెడితే 175 కొట్టినా "320" అంటుంది, ఎందుకంటే 175 కూడా దానికంటే తక్కువే. చిన్న అంకెతో మొదలుపెట్టి, ప్రతి తర్వాతి షరతునూ ముందుదాని "ఎల్స్"లో (అది కాకపోతే అనే భాగంలో) పెట్టాలి. రెండోది, స్క్రాచ్‌లో "కంటే తక్కువ" ఉంది కానీ "తక్కువ లేదా సమానం" లేదు. "180 కంటే తక్కువ" అని రాస్తే సరిగ్గా 180 వచ్చిన పప్పు 210లోకి జారిపోతుంది. 181 రాయాలి. ఈ తప్పు మీరు చెప్పకండి. 180 కొట్టి చూడమనండి చాలు, వాళ్లే పట్టుకుంటారు. ఆ పట్టుకోవడమే అసలు ఇంజినీరింగ్ పని.

జవాబు 2
రెండో నెలలో ఆర్డ్యూనో ఊనో (కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రాంతో లైట్లూ అవీ నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) ఒక్కటి తెప్పించినా చాలు. ఎల్ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటు తగ్గించే భాగం) తప్పనిసరి, నేరుగా కలిపితే ఎల్ఈడీ మాడుతుంది, బోర్డు పిన్ను కూడా పోవచ్చు. బోర్డు కంప్యూటర్‌కి కనబడకపోతే ముందు కేబుల్ మార్చండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలుండవు.

జవాబు 3
ఇంట్లోవాళ్ల భయం దూరం, డబ్బు. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉందని, హాస్టల్‌తో రెండేళ్ల పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్ల బీటెక్ అని చెప్పండి. లేదా పదో తరగతి అవగానే పాలిసెట్ (డిప్లొమా ఎంట్రన్స్) రాసి శ్రీకాకుళం అమ్మాయిల ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరొచ్చు. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ఎంట్రన్స్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది.

ప్రశ్న వేసినవారు
ట్రిపుల్ ఐటీకి ఎంట్రన్స్ ఉంటుందా సార్?

జవాబు 3
లేదు మేడమ్, పదో తరగతి మార్కులే. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లలకి 4 శాతం కలుపుతారు. పది పాసైన ఏడాదే అప్లై చెయ్యాలి, ఇంటర్లో చేరి తర్వాత చూద్దామంటే కుదరదు.

డబ్బుకి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, గుర్తింపున్న కాలేజీలో డిప్లొమా లేదా బీటెక్ చదివే అమ్మాయికి ఏటా 50,000, ఇంటికి ఇద్దరికి వరకు. డబ్బు ఆధార్ లింకైన ఖాతాలోనే పడుతుంది కాబట్టి తొమ్మిదిలోనే పిల్ల పేరున ఖాతా తెరిపించి, ఆధార్‌లోనూ బడి రికార్డులోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో సరిచూడండి.