ఆనప పిందెలు నిలబడటం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఇంటి ఖర్చులు పుస్తకంలో రాసి చూస్తే కూరగాయలకే నెలకి 2,000 దాటుతోంది. అందుకని పెరట్లో ఆనప పాదు పెట్టాను. బియ్యం కడిగిన నీళ్లే పోస్తున్నాను. పందిరంతా అల్లుకుంది. సాయంత్రం తెల్లటి పూలు విచ్చుకుంటుంటే టీ గ్లాసుతో కింద కూర్చోవడం అదో సరదా. మా ఆయన మాత్రం "పూలే వండుతావా?" అంటున్నారు.

పిందెలు వేలెడంత అయ్యాక కొస నుంచి పసుపెక్కి రాలిపోతున్నాయి. కోసి చూశాను, లోపల పురుగు లేదు. తేనెటీగలూ కనిపించడం లేదు. మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకి అద్దమంది పక్కింటి పిన్ని. సాయంత్రమే అద్దాలా, పొద్దున్నైనా పర్వాలేదా? ఒక మగ పువ్వు ఎన్నింటికి సరిపోతుంది? మందులు కొనకుండా అయ్యే పనైతే చెప్పండి.