అమ్మ మీద వేసిన దావాను వకీలు లేకుండా నేనే నడపవచ్చా?

మహేంద్రతనయ ఒడ్డు:
మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పెరటి గోడ తమ స్థలంలో ఉందంటూ పక్కింటివారు అమ్మ మీద దావా వేశారు. సమన్లు అంది 20 రోజులైంది. మా ఆధారమల్లా తాతగారి నాటి తెలుగు దస్తావేజు, 1931ది. ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. ఇదివరకు ఒక బాకీ దావాలో పెట్టుకున్న వకీలు వాయిదా తేదీ కూడా చెప్పేవారు కాదు. కోర్టు వెబ్‌సైటులో సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) కొట్టి నేనే చూసుకునేవాణ్ని. అందుకే ఈసారి సివిల్ ప్రొసీజర్ కోడ్ కొని రాత్రుళ్లు చదువుతున్నాను. తప్పా?

సిరోంచ రైతు:
తప్పేమీ లేదు. నా బాకీ దావా నేనే నడుపుకున్నాను, అదీ మరాఠీ కాగితాల మధ్య. రిటన్ స్టేట్‌మెంటుకు, అంటే ప్రతివాది రాసిచ్చే జవాబుకు, సమన్లు అందాక 30 రోజులు, కారణం చూపితే 90 వరకు. అదీ దాటితే తలుపులు మూసుకుపోవని 2005లో కైలాష్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ధైర్యంగా రాయండి.

బరంపురం పాత గుమాస్తా:
నలభై ఏళ్లు వకీళ్ల ఫైళ్లు మోసినవాణ్ని, ఒక మాట చెప్పనివ్వండి. బాబూ, ప్రతివాది మీరు కాదు, మీ అమ్మగారు. తన కేసు తాను వాదించుకునే హక్కు ఆవిడది. కొడుకు వాదించాలంటే 1961 అడ్వొకేట్ల చట్టం 32వ సెక్షన్ కింద కోర్టు అనుమతి కావాలి, అది ఇచ్చి తీరాలనేమీ లేదు. పవరు (పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకున్నా సంతకాలు, దాఖళ్ల వరకే. ఆవిడకు మాత్రమే తెలిసిన సంగతులకు మీరు బోనెక్కి సాక్ష్యం చెబితే చెల్లదు.

రైతుగారు చెప్పిన తీర్పు నిజమే. కానీ ఆ సడలింపు అసాధారణ పరిస్థితులకే. దాన్ని నమ్ముకుని గడువు పోగొట్టుకున్నవారిని ఎందరినో చూశాను. వాణిజ్య దావాల్లోనైతే 120 రోజుల తర్వాత ఆ వెసులుబాటు కూడా లేదు.

సిరోంచ రైతు:
గుమాస్తాగారు వకీళ్ల పక్షమే మాట్లాడతారు లెండి. నా కేసులో నేను గెలిచాను.

బరంపురం పాత గుమాస్తా:
సంతోషం. కానీ మీరు వాది, మీ కాగితం మీరే రాసుకున్నారు. ప్రతివాదికి చిక్కంతా జవాబులోనే. దావాలోని ప్రతి పేరాకూ విడివిడిగా సమాధానం రాయాలి. ‘అన్నీ అబద్ధాలు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మీరు కొన్న కోడ్‌లోని ఆర్డర్ 8 రూల్ 5 మెడకు చుట్టుకుంటుంది: కాదనని సంగతి ఒప్పుకున్నట్టే లెక్క. దస్తావేజు కూడా జవాబుతోపాటే పెట్టాలి, తర్వాత పెడతామంటే మళ్లీ కోర్టును వేడుకోవాలి.

ఇంకొకటి. 30 ఏళ్లు దాటిన కాగితం సరైన చోటి నుంచి వస్తే అందులోని సంతకం, రాత అసలైనవేనని కోర్టు అనుకోవచ్చు. అందులోని హద్దులు నిజమని మాత్రం దానివల్ల తేలదు. గోడ ఎవరి స్థలంలో ఉందో కొలిపించాలంటే ఆర్డర్ 26 రూల్ 9 కింద కమిషనర్‌ను, అంటే స్థలం చూసి రమ్మని కోర్టు పంపే మనిషిని, అడగాలి. పుస్తకం చదివేవారు సాధారణంగా అంతదూరం వెళ్లరు.

గుణుపురం టీచరు:
డబ్బు భయమే అయితే, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. మా వదినకు అలాగే వచ్చారు. మొదట్లో ఆయన ఫైలు తెరవనే లేదు. మేమే తేదీల వారీగా జరిగిందంతా రెండు పేజీల్లో రాసి ఇచ్చాక కదిలారు.

మహేంద్రతనయ ఒడ్డు:
ప్రతివాది అమ్మ అన్న మాట నాకు తట్టనే లేదు, నవ్వొస్తోంది. ఇంకా 10 రోజులుంది. రేపు జిల్లా న్యాయ సేవల ఆఫీసుకు అమ్మను తీసుకెళ్తాను. పేరాల వారీ జవాబు నేనే చిత్తుగా రాసి పట్టుకెళ్తాను. పుస్తకం మాత్రం మూయను. ఒక్క చిక్కు మిగిలింది: దస్తావేజంతా గొలుసుకట్టు రాత. కోర్టుకు అనువాదం ఇవ్వాలంటే ముందు చదవగలిగేవారు కావాలి కదా?

బరంపురం పాత గుమాస్తా:
ఫొటో ఇక్కడ పెట్టకండి, ఎదుటివారూ చూస్తుండవచ్చు. నకలు పట్టుకుని బరంపురం రండి. మా గురువుగారు నాకు మొదట నేర్పింది గొలుసుకట్టు చదవడమే.